బాండెన్సిస్ నుంచి బాండెన్సే దాకా

ఆక్వేరియంలో ఒక చిన్న కటిల్‌ఫిష్ ట్యాంకు పక్కన పెట్టడానికి నేను రాసిన మొదటి లేబుల్ ఇంకా నా టేబుల్ సొరుగులోనే ఉంది. దానికి లామినేషన్ కూడా చేయించాను. అందులో మూడో వాక్యం ఇది: "ఒంటి మీద ముదురు, లేత బ్యాండ్లు ఉండటం వల్ల దీనికి బాండెన్సిస్ అనే పేరు వచ్చింది." చదివితే ఎంత నమ్మకంగా ఉందో చూడండి. చారలున్న మాట నిజమే. పేరు వాటి వల్ల వచ్చిందన్నది మాత్రం పూర్తిగా నా కల్పన.

ఆ వాక్యం ఎలా పుట్టిందో, ఎలా పోయిందో చెప్పాలంటే గుడ్ల దగ్గర మొదలుపెట్టాలి.

నేను ఒక పబ్లిక్ ఆక్వేరియంలో పని చేస్తాను. జనం నిలబడి చూసే అద్దాల వైపు కాదు, వెనక వైపు. నీళ్ల పరీక్షలు, మేత, ఫిల్టర్లు కడగడం, తడి నేల తుడవడం. చేరి ఏడాది కూడా కాలేదు, ఒకరోజు పొద్దున్నే మా సీనియర్ ఒక థర్మోకోల్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. "డ్వార్ఫ్ కటిల్‌ఫిష్ గుడ్లు. ఇంకో ఆక్వేరియం వాళ్లు పంపారు. పిల్లలయ్యే దాకా బాధ్యత మీది. పెద్దవై జనం చూసే ముందు వైపు ట్యాంకులోకి వెళ్లే రోజుకి లేబుల్ కూడా మీరే రాసి పెట్టండి" అన్నారు. గుడ్లంటే భయమేసింది. లేబుల్‌దేముంది, నాలుగు వాక్యాలే కదా అనుకున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. పేరులో ఫిష్ ఉన్నా కటిల్‌ఫిష్ చేప కాదు. నత్తలకి, ఆలుచిప్పలకి చుట్టం. ఆక్టోపస్‌కి, స్క్విడ్‌కి మరీ దగ్గరి చుట్టం. ఎనిమిది చేతులు, అవి కాక వేటాడేటప్పుడు మాత్రమే బయటికి తీసే రెండు పొడవాటి టెంటకిల్స్, మూడు గుండెలు, నీలం రక్తం. వీపు చర్మం కింద గదులు గదులుగా ఉండే తెల్లటి తేలికైన పెంకు ఒకటి ఉంటుంది. ఆ గదుల్లో ద్రవాన్నీ గాలినీ అటూ ఇటూ చేసుకుంటూ ఈ ప్రాణి నీళ్లలో తేలుతుంది. ఆయుర్వేదంలో సముద్రఫేనం అనేది ఈ పెంకునే. మా సీనియర్ తెచ్చిన రకం చాలా చిన్నది. చేతులు వదిలేసి ఒళ్లు మాత్రం కొలిస్తే పెద్దది కూడా 7 సెంటీమీటర్లు దాటదు, బరువు 40 గ్రాముల లోపే.

పెట్టెలో ఉన్న సంచిని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నల్ల ద్రాక్ష గుత్తి నీళ్లలో వేలాడుతున్నట్టు ఉంది. లెక్కపెడితే 23. తల్లి గుడ్డు పెట్టేటప్పుడు పైపొరలో తన సిరా కలుపుతుంది, ఆ నలుపు దాని వల్లే. వాటిని సన్నటి జాలీ బుట్టలో వేసి, కింద నుంచి నెమ్మదిగా గాలి బుడగలు వచ్చేలా పెట్టాను. నీళ్లు 25 డిగ్రీల దగ్గర నిలపాలి. అమ్మోనియా ఉండకూడదు. రాగి అసలే తగలకూడదు. చేపల జబ్బులకి వాడే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది, ఈ జాతులకి అది విషం. చేపల ట్యాంకులో వాడిన బకెట్ ఇటు రాకూడదని నా బకెట్ మీద ఎర్ర టేపు చుట్టి పెట్టుకున్నాను. ఎవరు ముట్టుకున్నా గొడవ పెట్టుకునేదాన్ని.

మొదటి పది రోజులు చూడటానికేమీ లేదు. నల్ల గోళీలు, అంతే. తర్వాత గుడ్డు నీళ్లు పీల్చుకుని ఉబ్బడం మొదలవుతుంది. పైపొర సాగి పలచబడుతుంది, నలుపు కాస్తా పొగరంగులోకి దిగుతుంది. ఒకరోజు రాత్రి గదిలో లైట్లు ఆర్పేసి, ఒక గుడ్డు వెనక చిన్న టార్చ్ పెట్టి చూశాను. లోపల రెండు నారింజ ఎరుపు చుక్కలు. కళ్లు! వాటి కింద పిల్ల కంటే పెద్దగా తెల్లటి పచ్చసొన సంచి. ఇంకో వారానికి కళ్లు నల్లబడ్డాయి, వీపు మీద రంగు చుక్కలు పొడిచాయి. ఆ చుక్కలు ఒక్కొక్కటీ చిన్న రంగు సంచి. చుట్టూ ఉన్న కండరాలు లాగితే విప్పారుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. ఆ కండరాలని నడిపేది మెదడు నుంచి వచ్చే నరాలు. నేను చూస్తుండగానే గుడ్డు లోపలున్న పిల్ల ఒక్క క్షణం గోధుమరంగుకి తిరిగి మళ్లీ తెల్లబడింది. ఇంకా పుట్టనే లేదు, అప్పుడే ప్రాక్టీస్. విచిత్రం ఏమిటంటే, చుట్టూ ఉన్న రంగుల్లో ఇంత బాగా కలిసిపోయే ఈ ప్రాణి కంట్లో రంగుని గుర్తించే పదార్థం ఒక్కటే ఉంటుంది. మన లెక్కన దానికి రంగులు కనపడవు.

ఆ తర్వాత నేను చేసిన పొరపాటు చెప్పాలి. నీళ్లు మార్చే రోజు ఏదో హడావుడిలో కొత్త నీళ్ల వేడి చూడలేదు. రెండు డిగ్రీలు తక్కువున్నాయి. పైగా బుట్టని పైకెత్తి కదిపాను. సాయంత్రానికి మూడు పిల్లలు నెలలు నిండకుండానే బయటికి వచ్చేశాయి. నోటి దగ్గర పచ్చసొన సంచి ఇంకా వేలాడుతూనే ఉంది. ఆ బరువుతో ఈదలేక అడుగున పక్కకి ఒరిగిపోయాయి. రెండు రోజుల్లో మూడూ పోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. మా సీనియర్ మాత్రం థర్మామీటర్‌ని దారంతో కట్టి నా బకెట్‌కి తగిలించి వెళ్లారు.

మిగిలిన 20లో మూడు అసలు ఎదగలేదు. 17 పిల్లలయ్యాయి.

పుట్టినప్పుడు ఒక్కోటీ పెసర గింజంత. ఆకారం మాత్రం పెద్దవాటిదే, అచ్చంగా అచ్చు వేసినట్టు. డబ్ల్యూ అక్షరంలా వంకర తిరిగిన కంటిపాప, ఒంటి చుట్టూ అల్లాడే రెక్క అంచు, అన్నీ ఉన్నాయి. మొదటి రెండు రోజులు ఏమీ తినలేదు. లోపల ఇంకా కాస్త పచ్చసొన మిగిలి ఉంటుందని, కంగారు పడొద్దని చెప్పినా నాకు నిద్ర పట్టలేదు. మైసిడ్ అనే చిన్న రొయ్య లాంటి జీవాల్ని బతికున్నవాటినే వెయ్యాలి. చచ్చినవి ముట్టవు. కదిలితేనే అది ఆహారం.

మూడో రోజు చూశాను. అడుగున ఇసుక రంగులో కలిసిపోయిన ఒక పిల్ల నెమ్మదిగా ఇటు తిరిగింది. ఎదురుగా ఉన్న మైసిడ్ దాని ఒళ్లంత ఉంది. పిల్ల ముందు చేతులు రెండు పైకెత్తి ఆపింది, మిగతావన్నీ సూదిగా ముందుకి చేర్చింది. ఇంకాస్త దగ్గరికి జరిగింది. తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. కళ్లార్పకుండా చూస్తూనే ఉన్నాను, అయినా చూడలేదు. టెంటకిల్స్ బయటికి వచ్చి వెనక్కి వెళ్లే వేగం అంతటిది. మైసిడ్ ఉన్నచోట మైసిడ్ లేదు, పిల్ల చేతుల మధ్య కాళ్లు కొట్టుకుంటున్నాయి. నేను గట్టిగా అరిచాను. ఆ అరుపుకి బెదిరి పక్క పిల్ల సిరా వదిలింది. చిన్న టబ్బులో అది ఎంత పని పెడుతుందో చెప్పలేను.

పెరగడం గురించి ఎక్కువ చెప్పను. పనంతా మేత సంపాదించడమే. లైటు ఒక్కసారిగా వేస్తే బెదిరి వెనక్కి దూసుకెళ్లి గోడకి గుద్దుకుంటాయి, ఒంటి చివర పుండు పడుతుంది. అలా రెండు పోయాయి. ఇంకో నాలుగు ఎందుకు పోయాయో తెలియదు. రెండు నెలలయ్యేసరికి కడ్డీకి గుచ్చి ఆడించిన చచ్చిన రొయ్యని కూడా అందుకోవడం నేర్చుకున్నాయి. 11 మిగిలాయి. అవి ముందు ట్యాంకుకి వెళ్లే రోజు దగ్గరపడింది, నాకు లేబుల్ గుర్తొచ్చింది.

కూర్చుని పది నిమిషాల్లో రాసేశాను. సైజు, తిండి, బతికే కాలం. పేరు ఎందుకు వచ్చిందో ఒక వాక్యం ఉంటే బాగుంటుందని అనిపించింది. సెపియా బాండెన్సిస్. ట్యాంకులోకి చూశాను. ఎదురుగా ఒక మగది ఇంకో మగదాని మీద కోపంతో ఒంటి నిండా చారలు తెచ్చుకుని నిలబడి ఉంది. ఇంకేం, బ్యాండ్లు! రాశాను, ప్రింట్ తీశాను, లామినేషన్ చేయించి మరీ చూపించాను.

మా సీనియర్ కళ్లజోడు పైకి జరుపుకుని చదివారు.

"బ్యాండ్ల వల్ల పేరొచ్చిందని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సర్. పేరులోనే ఉంది కదా."

"లాటిన్ పేరులో ఇంగ్లీష్ బ్యాండ్ ఎందుకుంటుందమ్మా? చివర 'ఎన్సిస్' అని తోక కనపడితే ముందు మ్యాప్ తియ్యండి. అది చోటు పేరు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాత్రి మ్యాప్ తీశాను.

'ఎన్సిస్' అంటే ఫలానా చోటిది అని. బాండెన్సిస్ అంటే బాండాది. బాండా దీవులు ఇండోనేషియాలో ఉన్నాయి, మలుకు ప్రాంతంలో, బాండా సముద్రం మధ్యలో. మ్యాప్‌లో నాలుగైదు సార్లు పెద్దది చేస్తే గానీ కనపడవు. వాటిలో ఒకటి బాండా నైరా. ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి వెళ్లిపోయేంత దీవి. ఎదురుగా గునుంగ్ అపి అనే అగ్నిపర్వతం, 1988లో కూడా పేలింది. శాస్త్రానికి తెలిసిన మొదటి బాండెన్సిస్ ఈ బాండా నైరా దగ్గర దొరికింది. దాన్ని వర్ణించి పేరు పెట్టినాయన విలియం ఆడమ్, బెల్జియం ఆయన. ఇండోనేషియా, మలయా వైపు సముద్రాల్లోని కటిల్‌ఫిష్‌లన్నిటినీ వరసపెట్టి పరిశీలించి 1939లో ఫ్రెంచిలో అచ్చువేశారు. ఆ నమూనా ఆమ్‌స్టర్‌డామ్ జంతుశాస్త్ర మ్యూజియం సేకరణకి చేరింది. ఇలాంటి నమూనాని టైప్ అంటారు. ఆ పేరుకి అదే సాక్షి. రేపు ఎవరైనా "ఇది బాండెన్సిసేనా?" అని గొడవపడితే, చివరికి ఆ సీసాలో ఉన్నదానితో పోల్చి చూడాల్సిందే.

లేబుల్‌కి ఇది చాలు. "మొదటి నమూనా ఇండోనేషియాలోని బాండా దగ్గర దొరికింది కాబట్టి ఈ పేరు." ఒక్క వాక్యం. కానీ నాకు అక్కడ ఆగడం చేతకాలేదు. ఎందుకంటే బాండా అన్న మాట నేను అంతకుముందు విన్నాను, కటిల్‌ఫిష్ గురించి కాదు, జాజికాయ గురించి.

ఒకప్పుడు ప్రపంచంలో ఎక్కడ జాజికాయ, జాపత్రి వాడినా అది ఈ దీవుల నుంచి వచ్చిందే. చెట్టు ఇంకెక్కడా లేదు. ఆ గుత్తాధిపత్యం కోసం 1621లో డచ్ ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సూన్ కూన్ దండెత్తి వచ్చి అక్కడి జనంలో చాలామందిని చంపించాడు, మిగిలినవాళ్లని బానిసలుగా పంపేశాడు. తోటలకి బయటి నుంచి బానిసల్ని తెచ్చారు. అదే దీవుల్లో రన్ అనే చిన్నది ఒకటి ఇంగ్లీషువాళ్లు తమదనేవాళ్లు. 1667లో బ్రెడా ఒప్పందంతో దాన్ని వదులుకున్నారు, డచ్‌వాళ్లు మన్‌హట్టన్ మీద హక్కు వదులుకున్నారు. ఇదంతా ఒక వంటింటి దినుసు కోసం.

ఇంకో సంగతి చదివి లేచి కూర్చున్నాను. ఆడమ్ ఈ పేరు అచ్చువేసిన 1939లో బాండా నైరాలో ఇద్దరు రాజకీయ ఖైదీలు ప్రవాసంలో ఉన్నారు. మొహమ్మద్ హట్టా, సుతాన్ షహ్రీర్. డచ్ ప్రభుత్వం 1936లో వాళ్లని అక్కడికి పంపింది, 1942 దాకా అక్కడే ఉన్నారు. దీవి పిల్లలకి చదువు చెప్పేవాళ్లు. స్వతంత్రం ప్రకటించుకున్నాక హట్టా ఇండోనేషియా మొదటి ఉపాధ్యక్షుడు, షహ్రీర్ మొదటి ప్రధాని. ఆ పిల్లలు ఎప్పుడైనా ఒడ్డున పగడపు రాళ్ల మధ్య ఈ చిన్న కటిల్‌ఫిష్‌ని చూపించి "ఇదేంటి?" అని వాళ్లని అడిగారేమో. అడిగినా వాళ్లు 'బాండెన్సిస్' అని చెప్పగలిగేవాళ్లు కాదు. ఆ పేరు అచ్చయిన పుస్తకం ఆ ఊరికి ఎప్పుడు చేరిందో మరి. నాకు ఇదంతా లేబుల్‌లో ఎక్కించాలని ఉండేది. మా సీనియర్ ఒక్క చూపు చూశారు, అంతే. జనం ఒక లేబుల్ ముందు నిలబడేది కొన్ని క్షణాలే.

ఇక పేరులో మొదటి సగం. సెపియా.

ఈ శాస్త్రీయ నామాలు నాకు ఇంగ్లీషులో ఎప్పుడూ అయోమయంగానే ఉండేవి, ముందుది పెద్దదా వెనకది పెద్దదా అని. తెలుగులో ఆలోచిస్తే ఇట్టే తేలిపోయింది. మన పద్ధతే. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. సెపియా ఇంటిపేరు, బాండెన్సిస్ దీని పేరు. సెపియా అన్నది గ్రీకు, లాటిన్ భాషల్లో కటిల్‌ఫిష్‌కి ఉన్న మామూలు మాట. దాని సిరాతో గీసిన బొమ్మల రంగుకే తర్వాత సెపియా అనే పేరు వచ్చింది, పాత ఫోటోల రంగుని అంటామే, అదే. 1758లో లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, జీవుల పేర్లన్నీ వరసపెట్టిన తన పుస్తకం పదో కూర్పులో సెపియా అనే ఇంటిపేరు కింద ఐదింటిని పెట్టాడు. వాటిలో ఆక్టోపస్ కూడా ఉంది, స్క్విడ్ కూడా ఉంది. అప్పట్లో అంతా ఉమ్మడి కుటుంబం. తర్వాత ఆక్టోపస్‌లూ స్క్విడ్‌లూ వేరు కాపురాలు పెట్టాయి, కటిల్‌ఫిష్‌లు మాత్రం చాలావరకు పాత ఇంట్లోనే ఉండిపోయాయి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

రెండో లేబుల్ తప్పుల్లేకుండా ట్యాంకు పక్కన ఎక్కింది. దానికి ఇంగ్లీషు మారుపేర్లు రెండు. డ్వార్ఫ్ అన్నది చూస్తేనే తెలుస్తుంది. ఇంకొకటి స్టంపీ స్పైన్డ్, అంటే మొండి ముల్లుది. ముల్లు ఎక్కడుందని జనం నన్నే అడిగేవాళ్లు. ఒక అబ్బాయి అద్దానికి ముక్కు ఆనించి అరగంట వెతికాడు. బయట ఎక్కడా ముల్లు లేదు. నాకూ చూపించడం చేతకాలేదు, "లోపల ఉంటుంది నాన్నా" అని తప్పించుకున్నాను.

లేబుల్ ఎక్కి నాలుగు నెలలయిందో లేదో, 2023లో ఒకరోజు మా సీనియర్ కాఫీ కప్పుతో వచ్చి, "మీ కటిల్‌ఫిష్ ఇంటిపేరు మార్చేశారు" అన్నారు, నా మాటే నాకు అప్పజెప్తూ. జోక్ అనుకున్నాను. కాదు. కటిల్‌ఫిష్‌ల పెంకుల ఆకారాలూ డీఎన్ఏ వివరాలూ కలిపి చూసి, సెపియా అనే ఇల్లు నిజానికి ఒకే ఇల్లు కాదని కొందరు శాస్త్రవేత్తలు తేల్చారు. ఇంకో పంపకం అన్నమాట. యూరప్ వైపు మామూలుగా దొరికే సెపియా ఆఫిసినాలిస్ లాంటివి పాత ఇంట్లో మిగిలాయి. మా చిన్నదాన్ని అస్కారోసెపియాన్ అనే ఇంటికి మార్చారు. ఆ పేరు కూడా కొత్తదేమీ కాదు. 1884లో రోష్‌బ్రూన్ అనే ఫ్రెంచి ఆయన పెట్టింది. చాలాకాలం దాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు, ఇప్పుడు దుమ్ము దులిపి తీశారు.

సరే, ముందు మాట మార్చి మళ్లీ ప్రింట్ తీద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అస్కారోసెపియాన్ బాండెన్సిస్ అని టైప్ చేశాను. వెనక నిలబడి చూస్తున్న మా సీనియర్ దగ్గారు. దగ్గు వచ్చి కాదు.

"ఇప్పుడేం తప్పు సర్?"

"సెపియా స్త్రీలింగం. సెపియాన్ నపుంసకలింగం."

లాటిన్ వ్యాకరణం ప్రకారం వెనక ఉన్న విశేషణం ముందున్న ఇంటిపేరు లింగాన్ని బట్టి నడుచుకోవాలి. పుంలింగానికీ స్త్రీలింగానికీ 'ఎన్సిస్' సరిపోతుంది. నపుంసకలింగానికి 'ఎన్సే' రావాలి. కాబట్టి బాండెన్సిస్ కాస్తా బాండెన్సే అయింది. అస్కారోసెపియాన్ బాండెన్సే. అంతటితో అయిపోలేదు. వెనక "ఆడమ్, 1939" అని ఉంటుంది కదా, దానికి బ్రాకెట్లు పెట్టాలట. ఈ పేరు పెట్టినాయన పెట్టింది వేరే ఇంటిపేరు కింద, తర్వాత ఇల్లు మారింది అని చెప్పే గుర్తు అది. రెండు వంకర గీతల్లో ఇంత కథ ఉంటుందని నాకు తెలియదు. ఇన్నాళ్లూ ఎక్కడ బ్రాకెట్లు చూసినా టైపిస్టు ఇష్టం అనుకునేదాన్ని.

మరి అన్నిటికీ ఇలా తోక మారుతుందా అంటే, లేదు. అదే పంపకంలో ఫ్లాంబోయంట్ కటిల్‌ఫిష్ కూడా ఈ ఇంటికే వచ్చింది. ఒంటి మీద ఊదా, పసుపు మెరుపులతో అడుగున నడుచుకుంటూ తిరుగుతుంది, వీడియోల్లో చూసే ఉంటారు. దాని పేరు ఫెఫరి. 1885లో హోయిల్ అనే ఆయన, గియోర్గ్ ఫెఫర్ అనే జర్మన్ జంతు శాస్త్రవేత్త పేరు మీద పెట్టారు. ఫెఫరి అంటే ఫెఫర్ గారిది అని షష్ఠీ విభక్తి. అది ఏ ఇంటికి వెళ్లినా ఫెఫరిగానే ఉంటుంది. చోటు పేరు పెట్టుకున్నది మారింది, మనిషి పేరు పెట్టుకున్నది మారలేదు. జర్మన్‌లో ఫెఫర్ అంటే మిరియం. ఒకదానికి జాజికాయ దీవి పేరు, ఇంకోదానికి మిరియం పేరు. ఎవరూ కావాలని చేసింది కాదు గానీ, నాకు మాత్రం నవ్వొచ్చింది.

ఇప్పటికీ చాలామంది సెపియా బాండెన్సిస్ అనే రాస్తున్నారు, అంటున్నారు. మెదడు మీద పరిశోధన చేసేవాళ్లు ఈ చిన్నదాన్ని బాగా వాడుతున్నారు, వాళ్ల పేపర్లన్నీ ఎక్కువగా పాత పేరుతోనే ఉంటాయి. మా ట్యాంకు దగ్గర కొత్త పేరు పెద్దగా, "పాత పేరు" అని కింద చిన్నగా పెట్టాం. అది నా మూడో లేబుల్.

ఆ లేబుల్ ఎక్కే నాటికే ట్యాంకులో ముసలితనం వచ్చేసింది. ఈ రకం బతికేది మహా అయితే ఏడాది. ఆడవి రాతి పలక కింద నల్ల ద్రాక్ష గుత్తులు పెట్టి, మేత మానేసి, రంగు మార్చడం కూడా మానేసి, తెల్లగా తేలుతూ ఒక్కొక్కటీ పోయాయి. కంటిపాప తెరుచుకునే ఉండేది. పొద్దున్నే వెళ్లేసరికి ఒకటి తక్కువ. తెలిసిన సంగతే అయినా, టార్చ్ పెట్టి గుడ్డులో చూసినవి కదా, మేత గిన్నె పట్టుకుని వెళ్లడానికి కాళ్లు వచ్చేవి కావు.

చివరిగా పోయిన ఆడదాని పెంకుని తియ్యమన్నారు, జనానికి చూపించడానికి ఉంటుందని. వీపు మీద చర్మాన్ని నిలువుగా చీల్చితే చాలు, పెంకు దానంతట అదే జారి చేతిలోకి వచ్చింది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. కోడిగుడ్డు తెలుపు, కోలగా, రెండు అంగుళాలు ఉంటుందేమో. కింది వైపు సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి, నీళ్లు తీసిన ఒడ్డున ఇసుక మీద అల గుర్తుల్లాగా. ఒక్కో గీత ఒక్కో గది. పుట్టిన దగ్గర్నుంచి అది కట్టుకుంటూ వచ్చిన గదులు. వెనక కొసకి వేలు పోనిచ్చాను. చాలా రకాల కటిల్‌ఫిష్‌లకి అక్కడ సూదిలాంటి ముల్లు ఉంటుంది. దీనికి గుచ్చుకోని చిన్న మొండి బుడిపె. ఆ అబ్బాయి అరగంట వెతికింది దీని కోసమే.

అప్పుడే ఇంకోటి కూడా చదివాను. ఈ పెంకుని అరిస్టాటిల్ 'సెపియాన్' అన్నాడు. ప్రాణి సెపియా, దాని లోపలి పెంకు సెపియాన్. ఇంటిపేరు మార్చడానికి పెంకుని కూడా ఆధారంగా తీసుకున్నారు, మారిన ఇంటిపేరులో కూడా పెంకే ఉంది. బాండెన్సిస్‌ని బాండెన్సేగా మార్చిన ఆ నపుంసకలింగం ఇప్పుడు నా అరచేతిలో ఉంది.

పెంకుని కడిగి ఆరబెట్టి, గాజు మూత ఉన్న చిన్న పెట్టెలో దూది పరిచి పెట్టాను. ప్రతి నమూనాకీ మా దగ్గర ఒక చీటీ ఉంటుంది. పేరు అన్నచోట తడుముకోకుండా అస్కారోసెపియాన్ బాండెన్సే అని రాశాను, ఆడమ్‌కి బ్రాకెట్లతో సహా. తేదీ రాశాను. దాని కింద గడి "దొరికిన చోటు".

కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. బాండా అని రాయడానికి లేదు. ఇది బాండాని చూడలేదు, దీని తల్లి కూడా చూసి ఉండదు, గుడ్లు వచ్చిందే ఇంకో ఆక్వేరియం నుంచి. మా సీనియర్‌ని అడిగితే, "నిజం రాయండి" అన్నారు.

"6వ నంబరు ట్యాంకు, ఎడమ మూల, రాతి పలక కింద" అని రాసి మూత బిగించాను.